బోధనే పరిశోధన: ఉత్తరాంధ్ర ఉపాధ్యాయుల చరిత్రలో ఒక ఘట్టం

వేగవతీ నది ఒడ్డున, తూర్పు కనుమల పాదాన ఉన్న సాలూరు పట్టణం లారీలకు బాడీలు కట్టే పనికీ, సంగీతానికీ పేరుపొందినది. ఘంటసాల వెంకటేశ్వరరావుగారికి విజయనగరంలో గురువైన పట్రాయని సీతారామశాస్త్రిగారిని సంగీతలోకం నేటికీ ‘సాలూరు చినగురువుగారు’ అనే స్మరిస్తుంది. భాషాశాస్త్రజ్ఞులకు మాత్రం ఈ ఊరి పేరు వేరొక కారణంచేత తెలుసు. బరో, ఎమెనో అనే ఇరువురు పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1984లో రెండవసారి అచ్చయినప్పుడు, అందులో గదబ భాష మాటలు ఇచ్చినచోట్ల సాలూరు పేరు పొడి అక్షరంగా కనిపిస్తుంది. సాలూరు ప్రాంతపు గదబలు మాట్లాడే మాండలికానికి అది గుర్తు. 1980లో పేరి భాస్కరరావుగారు ఈ భాషను గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు.

గదబ అనే పేరులోనే ఒక చిక్కు ఉన్నది. ఆ పేరుతో పిలువబడేవారిలో కొందరి భాష ద్రావిడ కుటుంబానికి చెందినది. అనగా తెలుగుకు దాయాది. మరికొందరి భాష ముండా కుటుంబానికి చెందినది. దానికీ తెలుగుకూ చుట్టరికమే లేదు. ఈ కొండల చుట్టుపట్ల ఇవిగాక కొండదొరల భాష ఉన్నది, కువి ఉన్నది, ఆదివాసీ ఒడియా ఉన్నది, పార్వతీపురం, సీతంపేట వైపు పోతే సవర ఉన్నది. కొండమీదినుండి దిగివచ్చిన పిల్లవాడు బడిలో చేరి, తెలుగు వాచకం ముందు కూర్చుని, ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదనుకుందాం. వానికి పాఠం తెలియలేదా? పాఠం చెప్పిన భాష తెలియలేదా? లేక తెలిసిన జవాబును తన భాషలోని పద్ధతిలో చెప్పినందువల్ల అది తప్పుగా వినిపించిందా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. కాని మార్కుల పట్టీలో మూడింటికీ పడేది ఒకే సున్న.

ఒక్క ఉదాహరణ చాలు. సవర భాషలో లెక్కపెట్టే పద్ధతి మనదానివంటిది కాదు. మనము పదివరకు పోయి, ఆపైన పదికి ఒకటి, పదికి రెండు అని కలుపుకుంటూ పోతాము. సవరలు పన్నెండువరకు పోతారు. పదమూడు అంటే వారికి పన్నెండున్నూ ఒకటి. పందొమ్మిది అంటే పన్నెండున్నూ ఏడు. ఇరవై రాగానే ‘కోడి’ అనే మాటతో కొత్త మెట్టు మొదలవుతుంది. కనుక ముప్పై మూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని మూడు ముక్కలు చేయవలసి ఉంటుంది. గణితశాస్త్ర దృష్టిలో దీనిలో లోపమేమీ లేదు. డజన్ల లెక్కా, కోడి లెక్కా రెండూ లోకంలో ఉన్నవే. సవరలో రెండూ కలిసిపోయినవి, అంతే. కాని ఇది తెలియని ఉపాధ్యాయుడు ‘పది మీద తొమ్మిది’ అని ఎన్నిసార్లు చెప్పినా పిల్లవాడు తడబడుతూ ఉంటే, వానికి లెక్కలు రావని తేల్చివేయడం జరుగుతుంది. నిజానికి రానిది ఉపాధ్యాయునికి.

ఇటువంటి ప్రశ్నను తమకు తాము వేసుకొని, దానికి జవాబు వెదకడం కూడ తమ ఉద్యోగంలో భాగమేనని భావించిన కొందరు ఉపాధ్యాయులు, కళాశాల అధ్యాపకులు ఉత్తరాంధ్రలో పుట్టారు. పాఠశాలలోని బోధనను గూర్చి బయటివారెవరో వచ్చి పరిశోధించడం వేరు. పాఠం చెప్పేవారే తమ పాఠాన్ని పరిశోధించడం వేరు. ఈ రెండవ పనికి పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో గౌరవస్థానం లభించింది ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలోనే. అంతకు చాలాకాలం ముందే పర్లాకిమిడిలోనూ, విశాఖపట్నంలోనూ, విజయనగరంలోనూ అది జరిగింది.

వారిలో మొదట చెప్పుకోవలసినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దాపున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి చిన్ననాడే పోవడంతో విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. ఆ దినాలలో వారికి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. 1879లో మెట్రిక్యులేషను ప్యాసయి, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. ప్రైవేటుగా చదివి పట్టభద్రులై, ఆ పాఠశాల కళాశాల అయిన తరువాత పై తరగతులకు కూడ పాఠాలు చెప్పారు. వారి ముఖ్య విషయం చరిత్ర. ఊరికి దగ్గరలో ఉన్న ముఖలింగ దేవాలయంలోని శాసనాలను చదవడానికి పాతలిపులను స్వయంగా నేర్చుకొన్నారంటే, పుస్తకంలో ఉన్నదానితో తృప్తిపడే స్వభావం వారిది కాదని తెలుస్తుంది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలున్నారు. వారితో మాట్లాడాలని రామమూర్తి పంతులుగారికి కోరిక కలిగింది. కాని నేర్చుకోవడానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. తెలుగు తెలిసిన సవర నొకనిని తమ ఇంట ఉంచుకొని, అతనినే గురువుగా చేసుకొని నేర్చుకోనారంభించారు. బ్రాహ్మణ గృహంలో ఆనాటికి అది చిన్న విషయం కాదు. మాటలు ఏరి వ్రాసుకొన్నారు. తరువాత వాక్యాలు, ఆ తరువాత కథలు, పాటలు. ఒక భాషను ఈ క్రమంలో రాబట్టడాన్ని నేటి భాషాశాస్త్రజ్ఞులు క్షేత్రపరిశోధన అంటారు. పంతులుగారు దానిని ఏ విశ్వవిద్యాలయంలోనూ నేర్చుకోలేదు.

సవర భాష ధ్వనులు తెలుగు చెవికి సులభంగా పట్టుబడవు. కంఠంలోని ద్వారాన్ని తటాలున మూసి గాలిని ఆపడంవల్ల పుట్టే ధ్వని ఒకటి వారి మాటలలో తరచుగా వస్తుంది. తెలుగు అక్షరమాలలో దానికి అక్షరం లేదు. దానిని వదలివేసి వ్రాస్తే సవరలకు మాట మారిపోతుంది. అందుచేత ఒక ధ్వనిని ఎట్లు పలుకుతున్నారో, నాలుక ఎక్కడ ఆనుతున్నదో, గాలి ఎక్కడ ఆగుతున్నదో పరిశీలించవలసిన అవసరం పంతులుగారికి కలిగింది. ధ్వనిశాస్త్రమంటే వారికి ఇంతటి శ్రద్ధ ఏర్పడడానికి మూలం ఇదే. విధివిలాసమేమోగాని, కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొని, దానికై క్వినైను విస్తారంగా పుచ్చుకోవడంవల్ల ధ్వనులను పరిశోధించే ఆ మనిషికే చెవుడు వచ్చింది. పని మాత్రం ఆగలేదు.

ఈ శ్రమ అంతా ఎందుకోసం? నిఘంటువుకోసం కాదు; అది తరువాత వచ్చినది. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలన్నది పంతులుగారి ఉద్దేశం. అందుకై తెలుగు లిపిలో సవర వాచకాలు వ్రాశారు. తమ సొంత డబ్బుతో బడులు పెట్టించారు. 1911లో మద్రాసు ప్రభుత్వంవారు వారి సవర పుస్తకాలను అచ్చువేసి, పారితోషికం ఇవ్వబోగా, ఆ డబ్బు తనకు వద్దనీ, దానితో సవరలకు ఒక మంచి బడి పెట్టించండనీ కోరారు. వారి సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినవి. ఆ నిఘంటువు వచ్చిన రెండేండ్లకు, 1940 జనవరి 22న, వారు దివంగతులైనారు. అనగా బడి పిల్లవానికోసం మొదలైన ఒక చిన్న పరిశీలన సుమారు నలభై ఏండ్లపాటు సాగి శాస్త్రగ్రంథమై నిలిచింది. ఈ వరుసను గమనించాలి. సాధారణంగా మనము పరిశోధన ముందు, బోధన తరువాత అనుకుంటాము. ఇక్కడ తరగతి గదే ముందు నడిచింది.

సవర సంగతి ఇట్లుండగా, తెలుగు పిల్లలకు తెలుగు చెప్పడంలోనే ఇటువంటి చిక్కు ఉన్నదని బయటపడడానికి ఒక ఇంగ్లీషు దొర కారకుడైనాడు. జె. ఏ. యేట్స్ అనే ఆయన 1906–07 ప్రాంతాన ఉత్తర సర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చాడు. ఇంగ్లీషును తర్జుమాలు, వ్యాకరణ సూత్రాలు లేకుండ, వస్తువులు చూపి, మాటలాడించి, నేరుగా నేర్పాలనే పద్ధతి ఆయన కిష్టం. ఐరోపాలో వియటర్ 1882లోనే ఈ పోరాటం ప్రారంభించాడు. ఇంగ్లండులో హెన్రీ స్వీట్, డెన్మార్కులో యెస్పర్సన్ దానికి శాస్త్రపు పునాది వేశారు. సజీవంగా ఉన్న భాష అంటే నోటిలో ఉన్న భాష. అక్షరం దాని నీడ. ఇది వారి సిద్ధాంతం.

యేట్స్ దొర ఉద్యోగధర్మంగా తెలుగు నేర్చుకోవలసివచ్చింది. పుస్తకం పెట్టుకొని నేర్చుకొన్నాడు. తీరా బడికి వెళ్లి పిల్లలతో మాట్లాడబోతే తన తెలుగు వారికీ, వారి తెలుగు తనకూ అందలేదు. పుస్తకంలో ‘వచ్చుచున్నాఁడు’ అని ఉంటుంది; పిల్లవాడు ‘వస్తున్నాడు’ అంటాడు. పుస్తకంలో ‘చేసెదను’, నోట ‘చేస్తాను’. పిల్లలు మాట్లాడేది తప్పా, పుస్తకం తప్పా, లేక ఇవి రెండు భాషలా? పరాయివాడు కావడంవల్ల ఆయనకు ఇది వింతగా కనిపించింది. మనవారికి అలవాటువల్ల కనిపించలేదు. చేప నీటిని గమనించదు కదా!

ఆయన ఈ సందేహాన్ని విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాసయ్యంగారికి చెప్పుకొన్నాడు. శ్రీనివాసయ్యంగారు తమిళులు, తరువాతి కాలంలో తమిళుల చరిత్ర వ్రాసి 1929లో ప్రకటించి చరిత్రకారులుగా ప్రసిద్ధులైనారు. తెలుగు విషయంలో తాము తీర్పు చెప్పలేమని భావించి, పర్లాకిమిడిలో రామమూర్తి పంతులుగారిని, విజయనగరంలో అప్పారావుగారిని అడగవలసిందని యేట్స్ కు సలహా యిచ్చారు. తనకు తెలియనిదానిని తెలిసినవారివైపు మళ్లించడం కూడ శాస్త్రజ్ఞుని లక్షణమే. అప్పారావుగారు విజయనగరం మహారాజావారి కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినవారు. 1897లోనే ‘కన్యాశుల్కం’ అచ్చువేసి, వాడుకభాషకు ఉన్న సత్తువను చూపినవారు. ఈ నలుగురి కలయికనుండి పుట్టినదే తరువాత వ్యావహారిక భాషోద్యమమని పేరుపొందింది.

ఈ ఉద్యమాన్ని సాహిత్యచరిత్రలో ఒక అధ్యాయంగా చదవడం మనకు అలవాటు. గ్రాంథికవాదులు, వ్యావహారికవాదులు, వారి సభలు, సవాళ్లు, పత్రికా యుద్ధాలు; ఇవే ముందుకు వస్తాయి. కాని అది పుట్టింది తరగతి గదిలో. శ్రీనివాసయ్యంగారి ఆధ్వర్యాన విశాఖపట్నంలో ఏర్పడిన సంఘానికి తెలుగు బోధనను సంస్కరించడమే ధ్యేయం. కవుల భాషను మార్చడం ఆ సంఘం పని కాదు. వారు అడిగిన ప్రశ్న సూటియైనది: ఇన్ని సంవత్సరాలు తెలుగు చదివిన విద్యార్థి తన భావాన్ని తెలుగులో ఒక పేజీ తిన్నగా ఎందుకు వ్రాయలేకపోతున్నాడు?

జవాబుకోసం వారు విద్యార్థుల వ్రాతలను చూశారు. అరసున్న సంగతి తీసుకొందాం. ‘వాఁడు’ అనే మాటలో ఒకప్పుడు నిండు అనునాసిక ధ్వని ఉండేది. క్రమంగా అది క్షీణించి, జనం నోట పూర్తిగా పోయింది. అట్లే ‘గుఱ్ఱము’లోని బండి ఱకారానికీ, మామూలు రేఫకూ ఉచ్చారణలో భేదం అంతరించి శతాబ్దాలు గడిచినవి. చెవికి వినబడని భేదాన్ని చేయి ఎట్లు గుర్తిస్తుంది? ఏ మాటకు అరసున్న ఉన్నదో, ఏ మాటలో బండి ఱ ఉన్నదో పట్టికలు వల్లెవేయడం తప్ప విద్యార్థికి వేరే దారి లేదు. అతడు తప్పు వ్రాస్తే అది అజాగ్రత్త కాదు. అతని చెవి సరిగా పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఇట్లా తప్పును దండించడం మాని, అది ఎందుకు వచ్చిందని అడగడంలో గొప్ప మార్పు ఉన్నది.

రామమూర్తి పంతులుగారు ఈ పద్ధతిని విద్యార్థులతో ఆపలేదు. గ్రాంథికమే వ్రాయాలని పట్టుపట్టే పండితుల వ్రాతలను కూడ అదే కంటితో చదివారు. వారి గ్రంథాలలో వారి నియమాలకే విరుద్ధమైన ప్రయోగాలను ఏరి, వరుసగా చూపి, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అనే గ్రంథం వ్రాశారు. పేరులోని వెటకారాన్ని పక్కన పెడితే, అందులోని తర్కం శాస్త్రీయమైనది. జీవితమంతా ఆ భాషను అభ్యసించిన పండితునికే అది స్వాధీనం కాకపోతే, పదిహేనేండ్ల బాలునికి ఎట్లు అవుతుంది? తప్పులను గుంపులు చేసి, వాటి వెనుక ఉన్న కారణాన్ని పట్టుకొనే ఈ మార్గం విదేశాలలో పేరెన్నికగన్న శాస్త్రమైనది 1967 తరువాత. ఆ సంవత్సరంలో పిట్ కార్డర్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రజ్ఞుడు, నేర్చుకొనేవాని తప్పులు అతని మనస్సులో జరుగుతున్న పనికి సాక్ష్యాలని ఒక ప్రసిద్ధ వ్యాసంలో ప్రతిపాదించాడు.

ప్రయత్నం ఫలించినట్లే కనిపించింది. 1912–13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసరచనను కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని అధికారులు అనుమతించారు. ఆధునిక భాషకు మాదిరులుగా కొన్ని పుస్తకాలను కూడ పేర్కొన్నారు. సెట్టి లక్ష్మీనరసింహంగారి ‘గ్రీకు పురాణ కథలు’ వాటిలో ఒకటి. 1913లో రామమూర్తి పంతులుగారు ఆధునికాంధ్రాన్ని గూర్చి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం ప్రకటించారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసి ఉన్నది. ఒకే పరీక్ష, ఒకే ప్రశ్న, ఒకే వయస్సు విద్యార్థులు. కొందరు ఒక భాషలో వ్రాస్తారు, కొందరు రెండవ భాషలో. శాస్త్రజ్ఞునికి ఇంతకంటె కావలసిన అవకాశమేమున్నది? ఏ విద్యార్థులు ఎక్కువ భావాలు చెప్పగలిగారు, ఎవరి వాక్యాలు స్పష్టంగా ఉన్నవి, ఎవరు బట్టీపట్టిన వాక్యాలను అతికించారు, ఇవన్నీ లెక్కకట్టి పోల్చవచ్చు. కాని వివాదం ఆ దిక్కుకు పోలేదు. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులుగారు మొదలైనవారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ, పూర్వకవుల ప్రయోగాలను, వ్యాకరణాలను ప్రమాణంగా చూపారు. రామమూర్తి పంతులుగారు వారికి వారి రంగంలోనే జవాబు చెప్పదలచి, తాళపత్రాలలోని, వ్యాఖ్యానాలలోని పాత వచనాన్ని గాలించి, ఆనాటివారు కూడ వచనంలో వాడుకరూపాలు వ్రాశారని ‘గద్య చింతామణి’ వంటి గ్రంథాలలో నిరూపించారు. నిరూపణ అద్భుతమైనది. అయినా దానివల్ల ప్రశ్న మారిపోయింది. ‘విద్యార్థికి ఏది పట్టుబడుతున్నది?’ అనే ప్రశ్న పోయి, ‘పూర్వులు ఏది వ్రాశారు?’ అనే ప్రశ్న వచ్చింది. మొదటిదానికి సాక్షి విద్యార్థి. రెండవదానికి సాక్షి గ్రంథం. విద్యార్థి సాక్ష్యం చెప్పకుండానే విచారణ ముగిసింది.

మద్రాసు విశ్వవిద్యాలయంవారు ఇంటర్మీడియేటు వ్యాసరచన విషయమై వేసిన ఉపసంఘంలో అధికసంఖ్యాకులు గ్రాంథికంవైపు మొగ్గారు. అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా వ్రాసి సమర్పించారు. ఆ పత్రాన్ని చదివినవారికి అప్పారావుగారు కవిగా కంటె అధ్యాపకులుగా మాట్లాడుతున్నారని తోచకమానదు. ఏ భాష ఘనమైనది అనేదానికంటె, ఏ భాష విద్యను దేశంలో వ్యాపింపజేస్తుంది అనేదే వారికి ముఖ్యం. పాఠశాలలలో గ్రాంథికమే నిలిచింది. 1915 నవంబరు 30న అప్పారావుగారు కన్నుమూశారు. ఉద్యమం చావలేదు. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. 1924లో సాక్షాత్తు ఆంధ్రసాహిత్య పరిషత్తే తన పట్టు సడలించింది. బడి పుస్తకాలు మారడానికి మాత్రం ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ దశాబ్దాలలో బడి వదలిపెట్టిన పిల్లలు ఎందరో!

విశ్వవిద్యాలయాలలో ఇటువంటి పరిశీలనకు పరిశోధన అనే పేరు దక్కడం తరువాతి కథ. 1975లో ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్, పాఠ్యక్రమాన్ని పరిశోధించవలసినది ఉపాధ్యాయుడేనని వాదించాడు. అమెరికాలో కార్నెగీ సంస్థ తరఫున ఎర్నెస్ట్ బాయర్ 1990లో ప్రకటించిన నివేదికలో పాండిత్యాన్ని నాలుగు విధాలుగా విభజించి, బోధనను కూడ వాటిలో ఒకటిగా చేర్చాడు. అప్పటివరకు అధ్యాపకునికి పదవిలో పైమెట్టు దక్కేది ప్రయోగశాలలోని పనికే. తరగతిలోని పని లెక్కకు వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే చాలాచోట్ల నేటికీ అంతే.

ఈ కొత్త పరిశోధనలలో ఒకటి మన యేట్స్ దొర కథను జ్ఞాపకం చేస్తుంది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడున్నాడు. ఆయన పాఠాలు విద్యార్థులకు నచ్చేవి. వారు కఠినమైన లెక్కలు కూడ చేసేవారు. అరిజోనా రాష్ట్రంలో హాలూన్, హెస్టెనెస్ అనే ఇద్దరు 1985లో ప్రకటించిన పరిశీలనలను ఆయన తరువాత చదివాడు. విద్యార్థులు సూత్రాలు వల్లించినా, బలం, చలనం అనే భావాలను గూర్చి తమ పాత ఊహలనే అంటిపెట్టుకొని ఉంటారని వాటి సారాంశం. తన విద్యార్థుల విషయంలో అట్లా కాదని ఆయన నమ్మకం. పరీక్షించి చూడాలని లెక్కలు లేని సులభమైన ప్రశ్నలు ఇచ్చాడు. ఉదాహరణకు, బరువైన లారీ, తేలికైన కారు ఢీకొన్నప్పుడు దేనిమీద దేని బలం ఎక్కువ అనే రకం ప్రశ్నలవి. రెండు బలాలూ సమానమని న్యూటను మూడవ నియమం చెపుతుంది. అప్పుడు ఒక విద్యార్థిని లేచి, ఈ ప్రశ్నలకు మీరు నేర్పినట్లు జవాబు వ్రాయాలా, నేను మామూలుగా ఆలోచించేటట్లు వ్రాయాలా అని అడిగిందట.

పుస్తకానికి ఒక తెలుగు, నోటికి ఒక తెలుగు ఉన్నట్లే, ఆ విద్యార్థినికి పరీక్షకు ఒక భౌతికశాస్త్రం, లోకానికి ఒక భౌతికశాస్త్రం ఉన్నవన్నమాట. ఫలితాలు మజూరుకు మింగుడుపడలేదు. కాని ఆయన విద్యార్థులను నిందించలేదు. 1991నుండి పాఠం మధ్యలో ఆగి, ఒక ప్రశ్న వేసి, ఎవరి జవాబు వారు నిర్ణయించుకొన్న తరువాత పక్కవానితో వాదించుకోనిచ్చి, మళ్లీ జవాబు అడగడం ఆరంభించాడు. ముందు జవాబుకూ, తరువాతి జవాబుకూ వచ్చిన తేడాను ఏటేటా లెక్కకట్టి 2001లో పది సంవత్సరాల అనుభవాన్ని ప్రకటించాడు. పర్లాకిమిడిలో, విజయనగరంలో లోపించిన మెట్టు ఇదే: మార్పుకు ముందూ, వెనుకా విద్యార్థినే కొలిచి చూడడం. వారికి ప్రశ్న వేసే ధైర్యమున్నది, పరిశీలన ఉన్నది, తర్కమున్నది, కొలత లేదు. ఆనాటికి విద్యాశాస్త్రంలో కొలతల పద్ధతి లోకంలోనే ఇంకా పసితనంలో ఉన్నది గనుక వారిని తప్పుపట్టడానికి వీలులేదు.

సవర బడుల ఆలోచన తొంభై ఏండ్లకు మళ్లీ మొలకెత్తింది. 2004లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా మాధ్యమంగా ప్రాథమిక విద్యను ప్రారంభించింది. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనేవి ఆ భాషలు. మొదటి నాలుగూ ఉత్తరాంధ్ర కొండలలోనివే. పిల్లవాడు తన భాషలో చదవడం, వ్రాయడం నేర్చి, క్రమంగా తెలుగులోకి, తరువాత ఇంగ్లీషులోకి నడవాలన్నది పద్ధతి. ఒడిశాలో 2007లో ఇటువంటి ప్రయత్నమే మొదలయింది. అక్కడ కూడ సవరకు చోటు దక్కింది. లిపి విషయంలో చిన్న విశేషమున్నది. ఒడిశావైపు సవరలలో మంగేయి గొమాంగో అనే ఆయన 1936లో తమ భాషకు ప్రత్యేకంగా ఒక లిపినే కల్పించాడు. కనుక ఒకే భాషను తెలుగు, ఒడియా, రోమను, సొంత లిపి అనే నాలుగు లిపులలో వ్రాసేవారున్నారు. బడి పుస్తకం ఏ లిపిలో ఉండాలనేది సరిహద్దుకు ఇటు ఒకటి, అటు ఒకటి అయినది.

సాలూరు 1979లో కొత్తగా ఏర్పడిన విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం దాపున కొండకరకంలో తాత్కాలికంగా మొదలైనది. సాలూరు శాసనసభ నియోజకవర్గంలోనిదే అయిన మెంటాడ మండలంలోనూ, పక్కనున్న దత్తిరాజేరు మండలంలోనూ దాని శాశ్వత భవనాలకై 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు ఒక్కడే, తన జీతం డబ్బుతో తలకెత్తుకొన్న పనిని ఇక్కడ ఒక సంస్థ తలకెత్తుకోవచ్చు. తలకెత్తుకొంటుందా అనేది అక్కడి అధ్యాపకుల చేతిలో ఉన్నది.

హైస్కూలు ఉపాధ్యాయుడు ఇందుకై విశ్వవిద్యాలయంకోసం ఎదురుచూడనక్కరలేదు. ఒక నోటుపుస్తకంలో పేజీకి మూడు గళ్లు గీసుకొంటే చాలు. మొదటి గడిలో విద్యార్థి వ్రాసిన తప్పును, దిద్దకుండ, ఉన్నదున్నట్లు వ్రాయాలి. రెండవ గడిలో, ‘ఎట్లా వచ్చింది, చెప్పు’ అని అడిగినప్పుడు విద్యార్థి చెప్పిన మాటలను అతని మాటలలోనే వ్రాయాలి. మూడవ గడిని వెంటనే నింపకూడదు. ముప్పై, నలభై తప్పులు పోగైన తరువాత, ఒకే విధమైనవాటిని ఒకచోట చేర్చి, వాటి వెనుక ఉన్న కారణమేమో అప్పుడు వ్రాయాలి. ఆ కారణాన్ని బట్టి పాఠం మార్చి, మరుసటి నెలలో అదే ప్రశ్నను వేరు అంకెలతో ఇచ్చి చూడాలి. తప్పులు తగ్గితే కారణం సరియైనది. తగ్గకపోతే మూడవ గడిలోనిది కొట్టివేసి మళ్లీ వ్రాయాలి. అందుచేత ఆ గడిని పెన్సిలుతో నింపడం మంచిది.